నానో పిన్నుల నుంచి వేర్వేరు వోల్టేజి స్థాయిలు: డ్రైవ్‌కి కలపగానే ఎందుకు పడిపోతున్నాయి?

కాశీబుగ్గ_కొలిమి
మా జీడిపప్పు యూనిట్‌లో పప్పు ఆరబెట్టే బోర్మా గది ఉంది. దాని బ్లోయరుకు ఒక హార్స్‌పవర్ త్రీఫేజ్ మోటారు, మోటారుకు వీఎఫ్‌డీ డ్రైవ్, అంటే మోటారు వేగం మార్చే పెట్టె. డ్రైవ్ మీద నాబు తిప్పుతూ కూర్చోవడానికి రాత్రిపూట మనిషి దొరకడు. అందుకని గది ఉష్ణోగ్రతను బట్టి ఆర్డుయినో నానో అనే చిన్న మైక్రోకంట్రోలరు బోర్డే బ్లోయరు వేగం మార్చేలా ఏర్పాటు చేస్తున్నాను. సెన్సరు, డిస్‌ప్లే, హీటరు రిలే, బటన్లు పోగా మూడు పిన్నులు మిగిలాయి: డీ2, డీ4, డీ7. మూడింటిలో ఒక్కటి కూడా పీడబ్ల్యూఎం (వేగంగా ఆన్, ఆఫ్ చేసి సగటు వోల్టేజి ఇచ్చే) పిన్ కాదు.

సరే అని ఆ మూడు పిన్నులకు 10కె, 20కె రెసిస్టర్లతో ఆర్-టూఆర్ నిచ్చెన (పిన్నుల ఆన్, ఆఫ్‌ల నుంచి మెట్లు మెట్లుగా వోల్టేజి ఇచ్చే రెసిస్టర్ల వరస) కట్టాను. ఎనిమిది స్థాయిలు రావాలి. మీటరు పెట్టి చూస్తే లెక్క ప్రకారమే వస్తున్నాయి. మూడు పిన్నులూ హై అయితే 4.37 వోల్ట్లు, పెద్ద బిట్ ఒక్కటే హై అయితే 2.5. కానీ డ్రైవ్ అనలాగ్ టెర్మినల్‌కి కలపగానే ఆ 4.37 కాస్తా 2.9 అవుతోంది. 2.5 కాస్తా 1.67 అవుతోంది. తీగ తీసేస్తే మళ్లీ మామూలే.

డ్రైవ్ పాడైందా? నానో పిన్నులకు బలం చాలడం లేదా? సామాన్లు కొన్న దుకాణంలో అడిగితే, ఇవన్నీ పిల్లల బొమ్మలు, పీఎల్‌సీ (ఫ్యాక్టరీల్లో వాడే కంట్రోలరు) పెట్టుకోండి అన్నారు. పీఎల్‌సీ ధర విన్నాక ఇక్కడికి వచ్చాను.

టెక్కలి_టంకం
మీరు రెసిస్టర్లు కొని తిప్పలు పడుతున్నారు. మా వీధిలో ఏ పిన్నూ, ఏ నిచ్చెనా లేకుండానే సాయంత్రం అయ్యేసరికి రకరకాల వోల్టేజి స్థాయిలు వాటంతట అవే వస్తాయి.

ఓం_నియమం
డ్రైవూ బాగానే ఉంది, పిన్నులూ బాగానే ఉన్నాయి. 2.9ని 4.37తో భాగించండి. 1.67ని 2.5తో భాగించండి. రెండుసార్లూ దాదాపు 0.67 వస్తుంది, అంటే మూడింట రెండు వంతులు. ఆర్-టూఆర్ నిచ్చెనకు బయటికి కనిపించే నిరోధం ఆర్ విలువే, మీ దగ్గర 10కె. దాని తర్వాత డ్రైవ్ లోపల నేలకు మరో నిరోధం ఉంది. రెండూ కలిసి డివైడరు అయ్యాయి. మూడింట రెండు వంతులు మిగలాలంటే డ్రైవ్ ఇన్‌పుట్ నిరోధం 20కె అయి ఉండాలి. మాన్యువల్ తీసి చూడండి.

కాశీబుగ్గ_కొలిమి
చూశాను. చివరి పేజీలో భూతద్దం పెట్టి చదవాల్సిన అక్షరాల్లో ఉంది: 0 నుంచి 10 వోల్ట్లు, ఇన్‌పుట్ ఇంపిడెన్స్ 20 కిలోఓమ్.

మరి మీటరు పెట్టినప్పుడు ఎందుకు పడిపోలేదు?

ఓం_నియమం
డిజిటల్ మీటరు లోపలి నిరోధం మామూలుగా 10 మెగాఓమ్. మీ 10కె దాని ముందు లెక్కలోకి రాదు.

కరెంటు_మాస్టారు
ఓం_నియమం లెక్క సరైనదే. ఎందుకలా అన్నది కూడా చెబితే ఈయనకు రేపు ఇంకో పనిలో ఉపయోగపడుతుంది.

మైక్రోకంట్రోలరు పిన్‌కు తెలిసినవి రెండే: సరఫరా వోల్టేజి, నేల. మధ్యలో ఏదైనా కావాలంటే బయట మనమే తయారు చేసుకోవాలి. నిచ్చెనలో ప్రతి పిన్ హై అయినా లో అయినా దేనికో ఒకదానికి గట్టిగా కట్టేసి ఉంటుంది. కాబట్టి బయటినుంచి చూసేవాడికి ఏ కోడ్ ఇచ్చినా నిరోధం మారదు, ఎప్పుడూ ఆర్ విలువే. కలపగానే అన్ని స్థాయిలూ ఒకే నిష్పత్తిలో పడిపోయింది అందుకే. ఇది నిచ్చెనలోని మంచి గుణం. 1, 2, 4 కిలోఓమ్‌లు నేరుగా ఒక బిందువుకు కలిపే పద్ధతిలోనూ ఇది ఉంటుంది కానీ అక్కడ బిట్లు పెరిగే కొద్దీ పెద్ద పెద్ద విలువలు వెతుక్కోవాలి. నిచ్చెనకైతే 10కె ఒక్క విలువ చాలు, రెండింటిని వరసగా పెడితే 20కె.

మరి ఆర్ విలువ 10కె బదులు 100 ఓమ్‌లు పెడితే డ్రైవ్ లాగినా పడిపోదు కదా అని అడుగుతారు. అప్పుడు పిన్ మీద భారం పడుతుంది. ఏటీమెగా328పీ డేటాషీటు ప్రకారం 5 వోల్ట్ల సరఫరా మీద 20 మిల్లీఆంపియర్లు లాగితే హై పిన్ 4.2 వోల్ట్ల వరకు దిగిపోవచ్చు, లో పిన్ 0.9 వరకు లేవచ్చు. పిన్ లోపలి ట్రాన్సిస్టరుకూ పదుల ఓమ్‌ల నిరోధం ఉంది మరి. అది నిచ్చెనలోకి చొరబడి మెట్లను వంకర చేస్తుంది. ఆర్ కొన్ని కిలోఓమ్‌ల పైన ఉంటేనే అది పట్టించుకోనక్కరలేనంత చిన్నదవుతుంది.

కాబట్టి నిచ్చెన అలాగే ఉంచి, దాని తర్వాత ఒక ఆప్‌ఆంప్ అనే యాంప్లిఫయరు చిప్ పెట్టండి. ఇన్‌పుట్ దగ్గర దాదాపు ఏమీ లాగదు, అవుట్‌పుట్ దగ్గర 20కె ఏమిటి, 2కె అయినా నడిపిస్తుంది.

చీపురుపల్లి_చిప్
ఎల్ఎం358 ప్రతి దుకాణంలో దొరుకుతుంది. పెట్టేయండి.

ఓం_నియమం
పెట్టేయండి అనేముందు సరఫరా ఎంతో చెప్పాలి కదా. ఎల్ఎం358ని నానో 5 వోల్ట్ల మీదే నడిపితే అవుట్‌పుట్ సుమారు 3.5 దాటి పైకి పోదు. కింద నేల దాకా దిగుతుంది కానీ పైన ఒకటిన్నర వోల్ట్లు వదిలేస్తుంది. ఈయనకు పైన 4.37 ఉంది, అది కోసుకుపోతుంది. 5 వోల్ట్ల మీదే కావాలంటే ఎంసీపీ6002 లాంటి రైల్-టు-రైల్ (అవుట్‌పుట్ దాదాపు సరఫరా దాకా ఎక్కే) రకం చూసుకోవాలి. లేదా 358కి 12 వోల్ట్లు ఇచ్చి, గెయిన్ రెండు రెట్లు పెట్టుకోవాలి. అప్పుడు 4.37 కాస్తా 8.75 అవుతుంది, డ్రైవ్ అడిగే 0-10కి దగ్గరపడుతుంది.

చీపురుపల్లి_చిప్
12 వోల్ట్లే నా ఉద్దేశం. ఎవరైనా 358ని 5 వోల్ట్ల మీద పెడతారా!

టెక్కలి_టంకం
పెడతారు. నా డబ్బాలో సాక్ష్యాలున్నాయి.

వంశధార_26
నానో తీసేసి ఈఎస్‌పీ32 పెడితే సరిపోతుంది కదా అన్నా? అందులో 25, 26 పిన్నుల మీద 8 బిట్ల డాక్ (అంకెను వోల్టేజిగా మార్చేది) లోపలే ఉంది. నిచ్చెన అక్కరలేదు, ఫోనులో కూడా ఉష్ణోగ్రత చూసుకోవచ్చు.

కరెంటు_మాస్టారు
ఏ ఈఎస్‌పీ32 అన్నది చూసుకోవాలి బాబూ. మొదటి ఈఎస్‌పీ32లో ఉంది. ఎస్2లో 17, 18 పిన్నుల మీద ఉంది. ఎస్3లో, సీ3లో లేదు. ఇప్పుడు దుకాణాల్లో చేతికొచ్చేది ఏదో తెలియకుండా పెట్టె తెచ్చుకుంటే ఇంటికొచ్చాక వెతుక్కోవాలి. పైగా అది ఇచ్చేది 3.3 వోల్ట్ల లోపే, పూర్తిగా సున్నాకు దిగదు, పూర్తిగా 3.3కి ఎక్కదు. ఆప్‌ఆంప్ దానికీ తప్పదు.

ఆర్డుయినో కుటుంబంలోనే కావాలంటే యూనో ఆర్4లో ఏ0 పిన్ మీద 12 బిట్ల డాక్ ఉంది. పాత యూనో, నానోల్లో, రాస్ప్‌బెర్రీ పై పికోలో అసలు డాక్ లేదు. అనలాగ్‌రైట్ అనే పేరు చూసి చాలామంది ఉందనుకుంటారు, అది పీడబ్ల్యూఎం మాత్రమే.

చీపురుపల్లి_చిప్
అంత దూరం ఎందుకు? ఎంసీపీ4725 అని చిన్న ముక్క దొరుకుతుంది. 12 బిట్లు, 4096 స్థాయిలు, ఐ2సీ మీద రెండు తీగలు. డిస్‌ప్లే ఐ2సీదే అయితే ఆ రెండు తీగల మీదే ఇదీ కూర్చుంటుంది, ఉన్న మూడు పిన్నులూ మిగిలిపోతాయి. దాచమని చెప్పిన విలువను లోపల దాచుకునే ఈఈప్రామ్ కూడా ఉంది. విశాఖ వెళ్లేవాళ్లెవరైనా ఉంటే తెప్పించుకోండి.

నెల్లిమర్ల_రిలే
పైనుంచి అంతా చదివాను. జనపనార మిల్లులో డ్రైవ్‌లు బిగించే పని చేస్తాను. ఒక్క మాట అడుగుతాను: కొలిమి గారూ, మీకు కావాల్సింది వోల్టేజియా, వేగాలా?

ఎనిమిది వేగాలు చాలు అంటే అసలు వోల్టేజి తయారు చేయనే వద్దు. దాదాపు ప్రతి వీఎఫ్‌డీలో మల్టీస్టెప్ వేగాలు అని ఉంటాయి. మూడు డిజిటల్ టెర్మినళ్లను వాటికి కేటాయించి, ఏ కలయికకు ఎన్ని హెర్ట్జ్ అన్నది పారామీటర్లలో రాసిపెట్టుకోవడమే. మూడు బిట్లు, ఎనిమిది వేగాలు. మీరు బయట రెసిస్టర్లతో కట్టిన నిచ్చెన డ్రైవ్ లోపల సాఫ్ట్‌వేరుగా ఇప్పటికే ఉంది. నానో పిన్ నేరుగా కలపకండి, అక్కడ 24 వోల్ట్లుంటాయి. మధ్యలో మూడు పీసీ817 ఆప్టోకప్లర్లు (తీగ కలపకుండా వెలుగుతో సిగ్నల్ దాటించేవి) పెట్టండి. పిన్ నుంచి 470 ఓమ్‌లు, ఎల్ఈడీ, నేల. అవతల కలెక్టరు టెర్మినల్‌కి, ఎమిటరు డ్రైవ్ కామన్‌కి. ఒక్కో పిన్ మీద 8 మిల్లీఆంపియర్లు. అంతే.

కాశీబుగ్గ_కొలిమి
ఇది ఎవరూ చెప్పలేదు. మాన్యువల్‌లో ఆ పేజీ ఉంది, ఏదో పెద్ద ఫ్యాక్టరీల కోసమనుకుని దాటేశాను. ప్రస్తుతానికి ఎనిమిది వేగాలు ఎక్కువే. కానీ రేపు ఉష్ణోగ్రతను సన్నగా పట్టుకోవాలంటే?

నెల్లిమర్ల_రిలే
గది గాలి డెబ్బై డిగ్రీల దగ్గర నిలబెట్టడానికి బ్లోయరును అరహెర్ట్జ్ తేడాతో తిప్పక్కరలేదు. ఆ గది ఒక డిగ్రీ మారడానికే నిమిషాలు పడుతుంది. సన్నగా పట్టుకోవాల్సింది హీటరును.

ఓం_నియమం
రిలే గారి మార్గం మంచిదే. కానీ ఇప్పుడున్న నిచ్చెన పనికిరాదన్నట్టు మాట్లాడటం అన్యాయం. అన్ని స్థాయిలూ ఒకే నిష్పత్తిలో పడిపోయాయి అన్నాం కదా. అయితే సమస్య ఏముంది? డ్రైవ్‌లో అనలాగ్ ఇన్‌పుట్ స్కేలింగ్ ఉంటుంది. 2.9 వోల్ట్లకు 50 హెర్ట్జ్ అని రాసేయండి. ఒక్కో మెట్టు 0.41 వోల్ట్ల పైనే వస్తుంది, ఎనిమిది వేగాలకు చాలు. కొత్తగా ఒక్క ముక్క కొనక్కరలేదు.

గరివిడి_గ్రౌండు
కాగితం మీద చాలు. డ్రైవ్ పక్కన చాలదు.

వీఎఫ్‌డీ లోపల ట్రాన్సిస్టర్లు కొన్ని కిలోహెర్ట్జ్ వేగంతో వందల వోల్ట్లను తెరిచి మూస్తుంటాయి. మోటారు కేబుల్ పక్కనే మీ సన్నటి తీగ వెళ్లిందంటే ఆ గోల అంతా అందులోకి వచ్చేస్తుంది. 10కె నిరోధం వెనకాల నుంచి వచ్చే సిగ్నల్‌కు ఆ గోలను అణిచే శక్తి ఉండదు. స్కేలింగ్ పెంచారంటే గోల కూడా అంతే పెరిగి వేగం అటూఇటూ ఊగుతుంది. అనలాగే కావాలంటే ఆప్‌ఆంప్, షీల్డ్ ఉన్న మెలి తీగ, షీల్డ్ ఒక వైపే నేలకు, మోటారు కేబుల్‌కు దూరంగా. ఇవన్నీ చేసే ఓపిక ఉందా?

ఇంకొకటి. నానో ల్యాప్‌టాప్‌కి తగిలించి ఉండగానే డ్రైవ్ కామన్‌కి కలుపుతున్నారా? ల్యాప్‌టాప్ ఛార్జరు నేల ఒకటి, డ్రైవ్ నేల ఒకటి. రెండింటి మధ్య తేడా ఉంటే దారి మీ యూఎస్‌బీ తీగే. మా వర్క్‌షాపులో ఒక పోర్టు ఇలాగే పోయింది. ఆప్టోకప్లరుతో ఆ బాధ లేదు.

ఓం_నియమం
0.4 వోల్ట్ల మెట్టును తినేసేంత గోల వస్తే ఆ వైరింగ్‌లో వేరే తప్పు ఉన్నట్టు. డ్రైవ్‌లో ఇన్‌పుట్ ఫిల్టరు పారామీటరు కూడా ఉంటుంది, టెర్మినల్ దగ్గర 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు పెట్టినా అణుగుతుంది.

గరివిడి_గ్రౌండు
ఫెర్రో అల్లాయ్స్ యూనిట్‌లో ఒక షిఫ్టు ఉండి చూడండి, తర్వాత మాట్లాడుకుందాం.

బొబ్బిలి_తంత్రి
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు, విషయం దగ్గరదే. గొల్లపల్లిలో వీణల పని చేసే మా బంధువుల కోసం శ్రుతిపెట్టె కడుతున్నాను. పనస చెక్క వీణ పక్కన ప్లాస్టిక్ పెట్టె ఏమిటని వాళ్లు నవ్వుతున్నారు, అది వేరే సంగతి. నానో ఎనిమిది పిన్నులకు ఆర్-టూఆర్ నిచ్చెన కట్టి తంబురా ధ్వనిని 256 స్థాయిల్లో వదులుతున్నాను. ధ్వని వస్తోంది కానీ వెనకాల సన్నగా బరబర మంటోంది. శబ్దం తగ్గిస్తే ఆ బరబర ఇంకా ఎక్కువగా వినిపిస్తోంది. రెసిస్టర్లు 5 శాతం రకం. అదేనా కారణం?

కరెంటు_మాస్టారు
రెండు కారణాలుండవచ్చు, రెండూ కలిసి కూడా ఉండవచ్చు.

మొదటిది రెసిస్టర్లే. మూడు బిట్లకు 5 శాతం బాగానే పనిచేస్తుంది. ఎనిమిది బిట్లకు 1 శాతం కూడా బొటాబొటీ. పెద్ద బిట్ విలువ 128 మెట్లు. దాని రెసిస్టరు ఒక శాతం పక్కకు పోయినా ఒక మెట్టు దాకా తేడా వస్తుంది. 127 నుంచి 128కి వెళ్లేటప్పుడు వోల్టేజి పెరగాల్సింది పోయి తగ్గుతుంది. అదేమో సరిగ్గా తరంగం మధ్యలో, అంటే ధ్వని చిన్నగా ఉన్నప్పుడు ప్రతిసారీ దాటాల్సిన చోటు. అందుకే శబ్దం తగ్గిస్తే బరబర బయటపడుతోంది. ఒకే ప్యాకెట్‌లోని 1 శాతం రెసిస్టర్లను మీటరుతో కొలిచి, దగ్గర దగ్గరగా ఉన్నవాటిని పెద్ద బిట్ల దగ్గర వాడండి.

రెండోది ప్రోగ్రాము. డిజిటల్‌రైట్ ఎనిమిదిసార్లు పిలుస్తున్నారా? ఒక్కోదానికి కొన్ని మైక్రోసెకన్లు పడుతుంది. 127 నుంచి 128కి మారేటప్పుడు ఎనిమిది బిట్లూ తిరగబడాలి. అవి ఒకదాని తర్వాత ఒకటి తిరగబడితే మధ్యలో ఏ సున్నాకో, 255కో వెళ్లి వస్తుంది. పోర్టు డీ మొత్తాన్ని ఒకే ఆజ్ఞతో రాయండి. సీరియల్ పిన్నులు రెండూ అందులోనే ఉన్నాయి కాబట్టి సీరియల్ మానిటరు ఆపేయాలి.

మా రోజుల్లో కంప్యూటరు ప్రింటరు పోర్టుకు ఇలాంటి ఎనిమిది బిట్ల నిచ్చెన తగిలించి పాటలు వినేవాళ్లం. 1980లలో కోవాక్స్ అనే కంపెనీ దాన్నే పెట్టెలో పెట్టి అమ్మింది. పోర్టు బైటును ఒకేసారి వదులుతుంది కాబట్టి అక్కడ మీ రెండో సమస్య లేదు.

బొబ్బిలి_తంత్రి
డిజిటల్‌రైట్ ఎనిమిదిసార్లే వాడుతున్నాను. ఇప్పుడే మార్చి చూస్తాను.

రాజాం_రేడియో
కొలిమి గారి విషయానికొస్తే, ఇంకో దారి ఉంది. సీడీ4051 మల్టీప్లెక్సరు. మూడు పిన్నులతో ఎనిమిది దారుల్లో ఒకటి ఎంచుకోవచ్చు. ఒక్కో దారికి ఒక ట్రిమ్‌పాట్, దాని మీద మీకు కావాల్సిన వోల్టేజి స్క్రూడ్రైవరుతో పెట్టుకోండి. డ్రైవ్ దగ్గర పాట్ కోసం ఇచ్చే 10 వోల్ట్ల టెర్మినల్ ఉంటుంది, దాన్నుంచే అన్ని ట్రిమ్‌పాట్‌లకూ, చిప్‌కూ సరఫరా ఇవ్వండి. నిచ్చెనలో మెట్లన్నీ సమానంగా ఉంటాయి, ఇందులో మీ ఇష్టం. బ్లోయరుకు సమాన మెట్లు అక్కరలేదు కదా. గాలి వేగంతో పాటు పెరుగుతుంది, మోటారు తీసుకునే పవరేమో వేగం ఘనంతో పెరుగుతుంది. సగం వేగానికి ఎనిమిదో వంతు పవరే. కింది వేగాలు నాలుగైదు వదిలేసి పైవాటినే దగ్గర దగ్గరగా పెట్టుకోవచ్చు.

ఓం_నియమం
మెట్ల సంగతి నిజమే. కానీ 4051కి 10 వోల్ట్ల సరఫరా ఇస్తే దాని ఎంపిక పిన్నులు కూడా అదే కొలమానంతో చూస్తాయి. 7 వోల్ట్లుంటేనే హై అని ఒప్పుకుంటుంది. నానో 5 వోల్ట్లు దానికి హై కాదు. చిప్‌ను 5 వోల్ట్ల మీద నడిపి, తర్వాత ఆప్‌ఆంప్‌తో రెట్టింపు చేయాలి. పైగా డ్రైవ్ ఇచ్చే 10 వోల్ట్లు ఒక్క పాట్ కోసం, కొద్ది మిల్లీఆంపియర్లకే. ఎనిమిది ట్రిమ్‌పాట్‌లు 1కెవి పెడితే 80 మిల్లీఆంపియర్లు లాగుతాయి.

రాజాం_రేడియో
1కె ఎవరు పెట్టమన్నారు, 50కె పెట్టండి. ఎంపిక పిన్నులకు ఒక్కోదానికి ఒక ట్రాన్సిస్టరు పెడితే 7 వోల్ట్ల సంగతీ తీరిపోతుంది.

నెల్లిమర్ల_రిలే
ట్రాన్సిస్టర్లు మూడు, చిప్ ఒకటి, ట్రిమ్‌పాట్‌లు ఎనిమిది, ఆప్‌ఆంప్ ఒకటి. నేను చెప్పినవి ఆప్టోకప్లర్లు మూడు.

వంశధార_26
డిజిటల్ పాట్ ఎక్స్9సీ103 వాడొచ్చు కదా? డ్రైవ్ 10 వోల్ట్ల మధ్య మామూలు పాట్ బదులు అది పెడితే?

కరెంటు_మాస్టారు
దాని కాళ్ల మీద 5 వోల్ట్లు దాటకూడదు. 10 వోల్ట్లు పెడితే పోతుంది.

వంశధార_26
సరే మాస్టారూ. ఇంకో సందేహం. పిన్‌ను అవుట్‌పుట్‌గా కాకుండా ఇన్‌పుట్‌గా మార్చితే మూడో స్థాయి వస్తుందని ఎక్కడో చదివాను. మూడు పిన్నులంటే 27 స్థాయిలు కదా?

ఓం_నియమం
వస్తుంది. పిన్ దగ్గర పైకి ఒక 10కె, కిందికి ఒక 10కె కట్టండి. పిన్ హై అయితే 5, లో అయితే 0, ఇన్‌పుట్‌గా వదిలేస్తే రెసిస్టర్లు 2.5 దగ్గర నిలబెడతాయి. ఉత్త ఎల్‌సీడీ గాజు పలకలను నడిపేవాళ్లు కామన్ కాళ్లకు సగం వోల్టేజి ఇవ్వడానికి ఇదే చేస్తారు.

కానీ 27 అనేది కాగితం మీద లెక్క. పిన్ వదిలేసినప్పుడు ఆ రెండు 10కెల వల్ల దాని దారిలో మరో 5కె చేరుతుంది, మొత్తం నిరోధం మారిపోతుంది. దాంతో మెట్ల మధ్య దూరాలు సమానంగా ఉండవు, కొన్ని మెట్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఇక డ్రైవ్ 20కె తగిలిస్తే ఒక్కో మెట్టు ఒక్కో నిష్పత్తిలో పడిపోతుంది. నిచ్చెనలో స్కేలింగ్‌తో సరిదిద్దుకోవచ్చన్నాను చూడండి, ఆ సౌకర్యం ఇక్కడ లేదు.

కరెంటు_మాస్టారు
దీనికి ఒక్క చేర్పు. ఇన్‌పుట్‌గా వదిలిన పిన్‌ను సగం వోల్టేజి దగ్గర నిలబెడితే లోపలి ఇన్‌పుట్ బఫరు అటో ఇటో తేల్చుకోలేక కరెంటు తింటుంది. ఏ0 నుంచి ఏ5 వరకు ఉన్న పిన్నులకైతే ఆ బఫరును ఆపే రిజిస్టరు ఉంది. బ్యాటరీ పరికరాల్లో ఇది చూసుకోవాలి.

టెక్కలి_టంకం
పాత టీవీకి బొమ్మ పంపించిన రోజులు గుర్తొచ్చాయి. రెండు పిన్నులు, 1కె ఒకటి, 470 ఓమ్‌లు ఒకటి. టీవీ లోపల 75 ఓమ్‌లు. రెండూ లో అయితే 0, 1కె పిన్ ఒక్కటే హై అయితే 0.3, రెండూ హై అయితే 0.95. సింక్, నలుపు, తెలుపు. అక్కడ తలకాయ నొప్పి అయిన లోడు నిరోధమే ఇక్కడ లెక్కలో భాగం. ఆ 75 ఓమ్‌లు లేకపోతే బొమ్మే లేదు.

ఓం_నియమం
ఇది మంచి ఉదాహరణ. లోడు ఎంతో ముందే తెలిస్తే అది శత్రువు కాదు.

గరివిడి_గ్రౌండు
వోల్టేజి గురించి ఇంత చర్చ జరిగింది, హీటరు గురించి ఎవరూ అడగలేదు. నానో రీసెట్ అయి ఆగిపోతే ఏమవుతుంది? పిన్నులన్నీ వదులైపోతాయి. నిచ్చెన చివర నేలకున్న 20కె వల్ల వోల్టేజి సున్నాకు దిగుతుంది, బ్లోయరు ఆగుతుంది. హీటరు రిలే పిన్ కూడా వదులైపోతుంది, అప్పుడు రిలే ఆన్‌లో ఉంటుందా ఆఫ్‌లో ఉంటుందా అన్నది దాని వైరింగ్‌ను బట్టి ఉంటుంది. గాలి ఆగి హీటరు నడిస్తే పప్పు సంగతి మీకే బాగా తెలుసు.

కాశీబుగ్గ_కొలిమి
తెలుసు. తెల్ల గుండు పప్పు డబ్ల్యూ240 కావాల్సింది మాడిన రకం కింద పోతుంది. ట్రే కొలిమిలో పెట్టినట్టే. నానో రీసెట్ అయినప్పుడు రిలే తనంతట ఆఫ్ అవుతుంది, అది చూసుకున్నాను. ప్రోగ్రాము మధ్యలో ఇరుక్కుంటే మాత్రం ఆన్‌లోనే ఉండిపోవచ్చు. వాచ్‌డాగ్ (ప్రోగ్రాము ఇరుక్కుంటే రీసెట్ చేసే టైమరు) పెడితే చాలా?

నెల్లిమర్ల_రిలే
వాచ్‌డాగ్ పెట్టండి, కానీ దాని మీద ఆధారపడకండి. డ్రైవ్‌లో రిలే అవుట్‌పుట్ ఒకటి ఉంటుంది. వేగం ఫలానా హెర్ట్జ్ దాటితేనే ఆ రిలే ఆన్ అయ్యేలా పారామీటరు పెట్టి, హీటరు కాంటాక్టరు (హీటరుకు కరెంటు ఇచ్చే పెద్ద రిలే) కాయిల్‌ను దాని గుండా తీసుకెళ్లండి. బ్లోయరు తిరగకపోతే నానో ఎంత అరిచినా హీటరు వెలగదు. దీనితో పాటు గదిలో ఒక మామూలు థర్మోస్టాట్ కటౌట్ వరసలో పెట్టండి. అది చెడిపోవడానికి ప్రోగ్రాము లేదు.

కరెంటు పోయి వచ్చాక డ్రైవ్ తనంతట తాను మొదలవ్వాలా వద్దా అన్నదీ పారామీటరే. మనిషి లేని రాత్రుల కోసం అంటున్నారు కాబట్టి ముందే తేల్చుకోండి.

చీపురుపల్లి_చిప్
వాచ్‌డాగ్ గురించి ఒక మాట. చవక నానోల్లో పాత బూట్‌లోడరు (బోర్డు మొదలవగానే ముందుగా నడిచే చిన్న ప్రోగ్రాము) ఉంటే వాచ్‌డాగ్ రీసెట్ తర్వాత అది మళ్లీ మళ్లీ రీసెట్ అవుతూ అక్కడే తిరుగుతుంది. కొత్త బూట్‌లోడరు ఎక్కించాక పెట్టండి.

టెక్కలి_టంకం
కరెంటు పోయి వచ్చాక అంటే గుర్తొచ్చింది. 2018లో తిత్లీ తుపానుకు ఉద్దానం అంతా చీకటైపోయినప్పుడు మా వీధి జనరేటరు ఇచ్చిన వోల్టేజి చూసి ఉంటే మీరు నిచ్చెన జోలికే వెళ్లేవారు కాదు.

రాజాం_రేడియో
అప్పుడు జీడి తోటలే పోయాయి, వోల్టేజి ఎవరు చూశారు.

బొబ్బిలి_తంత్రి
పోర్టు ఒకేసారి రాసేలా మార్చాను. టక్‌టక్ మనే శబ్దం పూర్తిగా పోయింది. బరబర సగం మిగిలింది. 1 శాతం రెసిస్టర్లు వచ్చాక మిగతాది చూస్తాను. ఈలోగా ఇంకో ఆలోచన: నిచ్చెన మానేసి పీడబ్ల్యూఎం వాడితే?

ఓం_నియమం
వాడొచ్చు. మామూలుగా అనలాగ్‌రైట్ 490 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, అది వినిపించే శబ్దమే కాబట్టి మీకు పనికిరాదు. టైమరు 1 ప్రీస్కేలరును 1కి మార్చండి, 9, 10 పిన్నులు 31 కిలోహెర్ట్జ్‌కు వెళ్తాయి. చెవికి అందదు, చిన్న ఆర్‌సీ ఫిల్టరు చాలు. టైమరు 0ను మాత్రం ముట్టుకోకండి, డిలే, మిల్లిస్ రెండూ దాని మీదే ఉన్నాయి.

ఇందులో రెసిస్టర్ల సరితూకం గొడవ లేదు, 127 తర్వాత 128 పెరుగుతుందే తప్ప తగ్గదు. 5 వోల్ట్ల సరఫరాలో గోల ఉంటే మాత్రం నిచ్చెనలోలాగే ఇందులోనూ నేరుగా బయటికి వస్తుంది. యూఎస్‌బీ బదులు మంచి రెగ్యులేటరు నుంచి ఇచ్చి చూడండి.

కాశీబుగ్గ_కొలిమి
రిలే గారి పద్ధతిలో కట్టి చూశాను. మూడు పీసీ817లు, మూడు 470 ఓమ్‌లు. డ్రైవ్‌లో ఎనిమిది వేగాలు రాశాను: 0, 20, 28, 34, 38, 42, 46, 50. రాజాం గారు చెప్పినట్టు పైవి దగ్గర దగ్గరగా పెట్టాను. అన్నీ తిరుగుతున్నాయి.

ఒకటి గమనించాను. సున్నా నుంచి లెక్కపెడితే మూడో వేగం నుంచి నాలుగో వేగానికి, అంటే 34 నుంచి 38కి (011 నుంచి 100కి) మారేటప్పుడు మూడు బిట్లూ తిరగబడాలి. తంత్రి గారికి వచ్చిన తంటానే నాకూ రావాలి, మధ్యలో 0 అయి బ్లోయరు ఆగబోవాలి. కానీ ఏమీ తెలియడం లేదు. ఎందుకు?

నెల్లిమర్ల_రిలే
త్వరణ సమయం ఎంత పెట్టారు? పది సెకన్లు ఉంటే మైక్రోసెకన్ల మధ్య జరిగినదానికి డ్రైవ్ కదిలేలోపే కొత్త ఆజ్ఞ వచ్చేస్తుంది. పైగా డిజిటల్ టెర్మినళ్లను డ్రైవ్ మిల్లీసెకన్ల తేడాతోనే చదువుతుంది. చెవి గుర్తుపట్టేది మోటారు గుర్తుపట్టదు.

కాశీబుగ్గ_కొలిమి
త్వరణ సమయం పది సెకన్లే ఉంది.

గరివిడి_గ్రౌండు
హీటరు కాంటాక్టరు కాయిల్‌ను డ్రైవ్ రిలే గుండా తెచ్చారా?

కాశీబుగ్గ_కొలిమి
ఇంకా లేదు. డ్రైవ్ రిలే 250 వోల్ట్లకు, 3 ఆంపియర్లకు అని రాసుంది. కాంటాక్టరు కాయిల్ 230 వోల్ట్లది. నేరుగా పెట్టొచ్చా?

నెల్లిమర్ల_రిలే
పెట్టొచ్చు. కాయిల్ మీద అడ్డంగా ఆర్‌సీ స్నబ్బరు (కరెంటు తెగినప్పుడు వచ్చే వోల్టేజి పోటును అణిచే రెసిస్టరు, కెపాసిటరు) మాత్రం వేయండి, లేకపోతే కాంటాక్టరు ఆఫ్ అయిన ప్రతిసారీ నానో ఉలిక్కిపడుతుంది. ఏ హెర్ట్జ్ దగ్గర రిలే ఆన్ అవ్వాలన్నది 20కి కాస్త కింద, 18 పెట్టుకోండి. సరిగ్గా 20 పెడితే అక్కడే కొట్టుకుంటూ ఉంటుంది. ఇది పూర్తయ్యే దాకా గదిలో పప్పు పెట్టొద్దు.